మిరప తోటలో రొటేషన్ అంటే ఏం మార్చాలి? పంటా, మందా, నీళ్ళా?

ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం. ఫిరంగిపురం వైపు సాగర్ కాలువ కింద నల్లరేగడి మూడెకరాలు. నాలుగేళ్ళుగా అందులో మిరపే. పోయిన సీజన్లో తోట మధ్యలో అక్కడక్కడా మొక్కలు గుంపుగా వడలి చచ్చిపోయాయి. వ్యవసాయ అధికారి "రొటేషన్ చేయండి" అన్నారు. మందుల షాపాయన "మందులు రొటేషన్లో కొట్టాలి" అన్నాడు. కాలువ నీళ్ళు వదిలే లస్కరు "ఈసారి నీళ్ళు రొటేషనే" అన్నాడు. ఒక్క ఏడాది మిరప ఆపి టమాటా వేస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. టమాటా వేస్తే రొటేషన్ చేసినట్టే కాదు. మిరప, టమాటా, వంగ, పొగాకు, బంగాళాదుంప అన్నీ ఒకే కుటుంబం. మిరప వేళ్ళను తిన్నవాటిలో చాలావరకు టమాటా వేళ్ళ మీద కూడా హాయిగా బతుకుతాయి. మీకు కావలసింది జొన్న లేదా మొక్కజొన్న లాంటి గడ్డిజాతి పంట. మధ్యలో వీలు దొరికితే జనుము వేసి కలియదున్నాలి. జబ్బు పట్టిన ముక్కలో కనీసం రెండేళ్ళు మిరప కుటుంబం జోలికి పోకూడదు. మందుల విషయంలోనూ సూత్రం ఇదే. సీసా మీద కంపెనీ పేరు మారితే లాభం లేదు, లోపలి మందు జాతి మారాలి. కాలువ రొటేషన్ వీటిలో చేరదు, అది నీటి వంతు. కాకపోతే మీరు ఏ పంటకు మారగలరో చివరికి తేల్చేది అదే.

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. గుంటూరు, పల్నాడు వైపు మిరప తోటలు చూడడమే నా పని, ఇప్పటికీ రైతులు పిలిస్తే వెళ్తాను. ఇక కారణాలు చెప్తాను.

ముందు మొక్క ఎందుకు చచ్చిపోయిందో చూడండి. ఇది తెలియకుండా పంట మార్చడం చీకట్లో రాయి విసరడమే. వడలడం మొదలైన మొక్కను, పూర్తిగా ఎండకముందే, చుట్టూ మట్టి తవ్వి వేళ్ళతో సహా తీయండి. గుంజి పీకితే సన్న వేళ్ళు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, అసలు సంగతి కనబడదు. వేళ్ళు నీళ్ళలో మెల్లగా కడగండి.

వేళ్ళ మీద అక్కడక్కడా బుడిపెలు ఉంటే నులిపురుగులు, అంటే వేళ్ళలో బతికే కంటికి ఆనని సన్న పురుగులు (నెమటోడ్లు). ఈ బుడిపెలు వేరులోనే ఊరి ఉంటాయి, గోటితో గీకితే ఊడి రావు. మినుము, పెసర లాంటి అపరాల వేళ్ళ మీద ఉండే నత్రజని బుడిపెలైతే పక్కకి అంటుకున్నట్టు ఉండి తేలిగ్గా రాలిపోతాయి. రెంటినీ కలిపి కంగారుపడే వాళ్ళను చాలామందిని చూశాను. కాండం మొదట్లో, మట్టికి ఆనుకున్న చోట తెల్లటి దారాల్లాంటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమ రంగు గింజలు కనిపిస్తే అది మొదలుకుళ్ళు. ఇవేవీ లేవా, కాండాన్ని నిలువుగా చీల్చి చూడండి. లోపల గోధుమ రంగు చార పైదాకా పోతుంటే ఎండు తెగులు. కాండం ముక్క ఒకటి కోసి, గాజు గ్లాసులో తేట నీళ్ళు పోసి, కోసిన కొన నీళ్ళలో మునిగేలా పట్టుకోండి. కాసేపటికి పాలలాంటి తెల్లని ధార కిందకు జారితే బాక్టీరియా తెగులు.

వీటిలో ఏదీ కనబడకుండా, వాన పడి నీళ్ళు నిలిచిన పల్లంలోనే మొక్కలు వడలాయనుకోండి, అది తెగులు కాకపోవచ్చు. నల్లరేగడిలో నీరు నిలిస్తే వేళ్ళకు ఊపిరాడదు. దానికి కావలసింది నీళ్ళు బయటికి పోయే కాలువలే, పంట మార్పిడి దాన్ని బాగు చేయదు.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, జబ్బును బట్టి మార్చాల్సిన పంట మారిపోతుంది. "మినుము వేస్తే భూమికి బలం" అని అందరూ అంటారు. నిజమే. అపరాల వేళ్ళ బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు ఇస్తుంది, కొంత నేలకు మిగులుతుంది. కానీ మీ చేలో ఉన్నది నులిపురుగైతే మినుము, పెసర దానికి విందు. భూమికి బలం వస్తుంది, పురుగుకూ బలం వస్తుంది. అలాగే మొదలుకుళ్ళు ఉన్న చేలో శనగ, వేరుశనగ వేయకూడదు. ఆ బూజు వాటినీ పట్టుకుంటుంది, దాని గింజలు నేలలో ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటాయి. ఎండు తెగులు సంగతి వేరు. అది చాలావరకు తన పంటనే పట్టి ఉంటుంది కాబట్టి అక్కడ అపరాలు, శనగ నిరభ్యంతరంగా వేసుకోవచ్చు.

జొన్నను మొదట చెప్పింది ఇందుకే. నులిపురుగు, మొదలుకుళ్ళు, ఎండు తెగులు, ఈ మూడింటిలో దేనికీ జొన్న మంచి ఆతిథ్యం ఇవ్వదు. మొక్కజొన్న కూడా బాగానే పనిచేస్తుంది. నులిపురుగు ఎక్కువగా ఉన్న చోట మాత్రం నా నమ్మకం జొన్న మీదే, ఎందుకంటే మొక్కజొన్న వేళ్ళలో ఆ పురుగు కొంతవరకు బతకగలదు. నులిపురుగు మీద నేరుగా దెబ్బ కొట్టేవి జనుము, బంతి. బంతి వేళ్ళలో దాన్ని చంపే గుణం ఉంది. గుంటూరు, విజయవాడ పూల మార్కెట్లు దగ్గర కాబట్టి పండగల లెక్క చూసుకుని అరెకరంలో బంతి వేస్తే కాస్త రాబడి కూడా ఉంటుంది.

పత్తి వేస్తానంటే అది సగం మార్పిడి అంటాను. కుటుంబం వేరే, బెండ, గోంగూర కోవలోది. మిరప ఎండు తెగులు వరకూ చూస్తే పత్తి తప్పు కాదు. కానీ తెల్లదోమ, తామర పురుగు, శనగపచ్చ పురుగు పత్తి మీదా మిరప మీదా రెంటి మీదా బతుకుతాయి. ఊరంతా పత్తీ మిరపా పక్కపక్కనే ఉంటే వాటికి ఏ సీజన్లోనూ ఇబ్బంది లేదు.

మన ప్రాంతంలోనే ఇంకో ఉదాహరణ చెప్తాను. దుగ్గిరాల, కొల్లిపర వైపు పసుపు రైతుల్లో పెద్దవాళ్ళు పసుపు తీసిన నేలలో మళ్ళీ వెంటనే పసుపు పెట్టరు. దుంపకుళ్ళు నేలలో ఉండిపోతుందని వాళ్ళకు అనుభవం మీద తెలుసు. అక్కడే ఒక రైతు దుంపకుళ్ళు వచ్చిందని పసుపు ఆపి అరటి వేశారు, తర్వాత మళ్ళీ పసుపుకు వచ్చారు. కుళ్ళు తగ్గింది, కానీ దుంప ఊరలేదు. తవ్వి చూస్తే వేళ్ళ నిండా నులిపురుగు బుడిపెలు. అరటీ పసుపూ రెండూ దానికి ఇష్టమే. పంట మార్చారు, కుటుంబం కూడా మార్చారు, అయినా ఉన్న పురుగును బట్టి మార్చలేదు. అందుకే వేరు చూడకుండా సలహా ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు.

రొటేషన్ వల్ల ఏది తగ్గదో కూడా తెలుసుకోండి. నేలలో ఉండేవి తగ్గుతాయి, గాలిలో వచ్చేవి తగ్గవు. బొబ్బర తెగులు అంటే తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్. అది పక్క చేలోంచి వస్తుంది. 2021లో నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలు పీకించేసినప్పుడు, పంట మార్పిడి చేసిన చేనూ చేయని చేనూ అన్న తేడా లేకుండా అన్నీ దెబ్బతిన్నాయి. రెండేళ్ళు జొన్న వేశాను, ఇక మిరపకు ఏమీ రాదు అనుకుంటే నిరాశ తప్పదు. ఎగిరొచ్చే వాటికి తోట చుట్టూ రెండు మూడు వరసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ ఒత్తుగా వేసి అడ్డం కట్టడం, జిగురు అట్టలు, మేలైన నారు, మందుల క్రమం, ఇవే దారి.

ఇక మందుల రొటేషన్. షాపాయన చెప్పింది మంచి మాటే, కానీ అమలులో ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. మోసం అంటే కావాలని చేస్తారని కాదు, తెలియక జరిగేదే ఎక్కువ. ఒకసారి ఒక తోట గట్టు మీద పడేసిన ఖాళీ సీసాలు, ప్యాకెట్లు అన్నీ ఏరించి వరసగా పెట్టి చూశాం. నాలుగు కంపెనీలు, నాలుగు పేర్లు, నాలుగు రంగులు. చిన్న అక్షరాల్లో ఉన్న టెక్నికల్ పేరు, అంటే లోపలి అసలు మందు పేరు, చదివితే ఒకటి ఇమిడాక్లోప్రిడ్, ఒకటి థయామిథాక్సామ్, ఇంకోటి అసిటామిప్రిడ్, మళ్ళీ ఇమిడాక్లోప్రిడ్. నాలుగూ ఒకే జాతి, పురుగు నరాల మీద ఒకే చోట పనిచేసేవి. ఆ రైతు నిజాయితీగా నమ్మాడు, ప్రతిసారీ మందు మార్చానని. పురుగుకు మాత్రం నాలుగుసార్లూ ఒకే మందు పడింది. మొదటిసారి తట్టుకుని బతికినవే పిల్లలు పెడతాయి, నాలుగోసారికి చేలో మిగిలేవన్నీ ఆ మందుకు చావనివే.

కాబట్టి షాపులో పేరు అడగకండి, టెక్నికల్ అడగండి. తామర పురుగుకు వాడే వాటిలో నేను గుంపులు ఇలా చెప్తాను. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, అసిటామిప్రిడ్ ఒకటి. ఫిప్రోనిల్ వేరే. స్పైనోసాడ్, స్పైనెటోరామ్ రెండూ కలిపి ఒకటి. డయాఫెంథియురాన్ వేరే. సయాంట్రానిలిప్రోల్ ఇంకోటి, కాయతొలిచే పురుగులకు వాడే క్లోరాంట్రానిలిప్రోల్ కూడా దీని జాతే. తెగుళ్ళ మందుల్లో అజాక్సీస్ట్రోబిన్, పైరాక్లోస్ట్రోబిన్, ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్ ఒక జాతి. కాయకుళ్ళుకు వీటిని మార్చి మార్చి కొట్టినా మార్చినట్టు కాదు. మాంకోజెబ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటివి బూజును ఒక్కసారే చాలా చోట్ల దెబ్బ తీస్తాయి కాబట్టి వాటిని తట్టుకునే శక్తి అంత తేలిగ్గా రాదు, మధ్యమధ్యలో వీటిని పెట్టుకోవచ్చు.

ఒక జాతి మందును సీజన్ మొత్తంలో రెండుసార్లకు మించి వాడకండి. విత్తనశుద్ధిలో ఇమిడాక్లోప్రిడ్ పట్టించి ఉంటే అదే మొదటిసారి కింద లెక్క. నర్సరీలో నారు కొనేవాళ్ళు అక్కడ ఏం కొట్టారో అడిగి రాసుకోవాలి. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం రొటేషన్ కాదు, అన్నింటికీ ఒకేసారి తట్టుకోవడం పురుగుకు నేర్పడమే. ఇంకో సంగతి, సీసా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు చూసి "ఎర్రది కొట్టాను, ఈసారి నీలం కొడతాను" అనేవాళ్ళున్నారు. ఆ రంగు మనిషికి ఎంత విషమో చెప్తుంది. మందు జాతికీ దానికీ సంబంధం లేదు.

నీళ్ళ రొటేషన్ గురించి పెద్దగా చెప్పేది లేదు. నీరు చాలనప్పుడు కాలువలకు కొన్ని రోజులు వదిలి కొన్ని రోజులు కట్టేస్తారు, వంతులవారీ. మీ తూము చివరి భూముల్లో ఉంటే ఆ వంతు కూడా పూర్తిగా అందదు. అందువల్ల రబీలో మొక్కజొన్న వేసేముందు ఆలోచించండి. పూత, పీచు వచ్చే దశలో నీరు ఒక్క వంతు తప్పినా కండెలో గింజ కట్టదు. జొన్న, శనగ నల్లరేగడిలో నిలవ ఉన్న తేమతోనే చాలావరకు గట్టెక్కుతాయి. బోరు తోడు లేకపోతే మీకు జొన్నే మేలు. డెల్టాలో, తెనాలి వైపు, ఈ లెక్క వేరు. అక్కడ వరి కోతకు ముందే మాగాణిలో మినుము చల్లేవారు. మినుముకు పల్లాకు తెగులు (ఆకులు పసుపెక్కే వైరస్ జబ్బు) పెరిగాక చాలామంది వరి కోయగానే దున్నకుండానే మొక్కజొన్న పెట్టడానికి మారారు. అది చూసి మెట్టలో అదే చేస్తామంటే నీరు ఎక్కడిది?

మొక్కజొన్న వేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. కలుపుకు అట్రాజిన్ కొడతారు కదా, మోతాదు మించితే అది నేలలో నిలవుంటుంది. మన నల్లరేగడి లాంటి క్షార గుణం ఉన్న నేలల్లో ఇంకా నెమ్మదిగా విరుగుతుంది. తర్వాత వేసిన మినుము, జనుము, మిరప నారు ఆకులు అంచుల నుంచి పసుపెక్కి మాడితే చాలామంది తెగులనుకుంటారు. అనుమానం ఉంటే ఆ మట్టి ఒక కుండీలో నింపి నాలుగు మినుము గింజలు వేసి చూడండి. మొలిచి మూడు వారాలు పచ్చగా నిలబడితే భయం లేదు.

మీ మూడెకరాలకు నేనైతే ఇలా చేస్తాను. మూడూ ఒకేసారి మిరప ఆపమని చెప్పను, ఇల్లు గడవాలి. ఎకరం చొప్పున మూడు ముక్కలు అనుకోండి. మొక్కలు ఎక్కువ చచ్చిపోయిన ముక్కలో ఈ వేసవిలోనే మిరప కట్టె వేళ్ళతో సహా పీకి బయటపడేయండి. చివరి కాయకు ఆశపడి ఏప్రిల్ దాటేదాకా తోట ఉంచితే జబ్బు కూడా అంతకాలం తింటుంది. లోతుగా వేసవి దుక్కి దున్ని ఎండనివ్వండి. తొలకరికి జనుము చల్లి, పూత మొదలయ్యాక, అంటే 45-50 రోజులకు కలియదున్నండి. ఆపైన మాఘి జొన్న, అంటే వానాకాలం చివర్లో వేసే జొన్న. రెండో ఏడు కూడా అదే ముక్కలో గడ్డిజాతి గానీ, వేళ్ళు శుభ్రంగా ఉంటే మినుము, శనగ గానీ. మూడో ఏడు మిరప. రెండో ముక్క ఒక ఏడు వెనకగా, మూడోది రెండేళ్ళు వెనకగా ఇదే వరసలో నడుస్తాయి. మొదటి ఏడు రెండెకరాల మిరప ఉంటుంది, తర్వాత నుంచి ఎకరమే.

ఎకరమేనా అంటారు. మిరపకు ఇప్పుడు ఎకరా పెట్టుబడి లక్షన్నర దాటుతోంది. మూడెకరాలకు అంత పెట్టి, పావు వంతు మొక్కలు చచ్చిపోయి, యార్డుకు తీసుకెళ్ళేసరికి రేటు పడిపోతే కోలుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? 2025లో ధర పడిపోయి, చివరికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. జొన్న లక్షలు తేదు, లక్షలు ముంచదు. పశువులున్న వాళ్ళకు చొప్ప కూడా డబ్బే.

మిరప తిరిగి వేసే ఏడు, నాటడానికి ముందు 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి నీడన పోసి, తేమ ఆరకుండా చూస్తూ పది పదిహేను రోజులు ఉంచండి. తెల్లగా బూజు పాకాక ఎకరానికి చల్లుకోవచ్చు, నేలలో పదును ఉన్నప్పుడే. పొడి నేల మీద చల్లితే వృథా. పంట మార్చకుండా ఇదొక్కటే చేస్తే మాత్రం నాకు ఎక్కడా పెద్ద ఫలితం కనబడలేదు.

కౌలు రైతులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు ఒక మాట. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సాగు హక్కు పత్రం 11 నెలలకే. వచ్చే ఏడు ఆ భూమి మనదో కాదో తెలియనప్పుడు జనుము వేసి నేల బాగుచేయమంటే ఎవరు చేస్తారు, వాళ్ళను తప్పు పట్టలేం. మీకు నేను చెప్పేది, కౌలు మాట్లాడుకునే ముందే ఆ చేలో గత రెండేళ్ళు ఏం వేశారో పక్క రైతుల్ని అడగండి. మిరప, టమాటా, పొగాకు ఉంటే ఆ భూమికి మిరప చేనుకిచ్చేంత కౌలు కట్టకండి. జొన్న, మొక్కజొన్న, వరి తీసిన చేనైతే రూపాయి ఎక్కువైనా పర్వాలేదు. భూమి యజమానులకు కూడా, రెండు మూడేళ్ళకు నోటిమాటగానైనా ఒకే మనిషికి ఇస్తే మీ నేలే బాగుపడుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది, తోటలో ఇంకా వడలుతున్న మొక్కలు ఉంటే నాలుగైదు మొక్కలు వేళ్ళతో తీసి కడిగి, కాండం చీల్చి, రెండు ఫోటోలు ఇక్కడ పెట్టండి. వేరు ఒకటి, చీల్చిన కాండం ఒకటి. ఫోటోలో తేలకపోతే తడి గోనెలో చుట్టి అదే రోజు గుంటూరు దగ్గర లాం ఫారానికి (వ్యవసాయ పరిశోధన కేంద్రం) తీసుకెళ్ళి చూపించండి, పాలిథిన్ కవర్లో బిగించి ఉంచితే దారిలోనే కుళ్ళి ఏమీ తెలియదు. దాంతోపాటు పోయిన సీజన్లో కొట్టిన మందుల టెక్నికల్ పేర్లు గుర్తున్నంతవరకు వరసగా రాయండి. అవి చూసి మొదటి ముక్కలో జొన్నా, ఇంకోటా అన్నది, మందుల వరస ఎలా పెట్టుకోవాలన్నది కచ్చితంగా చెప్తాను.